గిబియోనీయుల రొట్టె, విదేశీ ఉద్యోగపు కాగితం



మన ప్రార్థన విన్నపాల పెట్టెలో ఈ మధ్య ఒక రకం చీటీలు ఎక్కువగా వస్తున్నాయి. "విదేశీ ఉద్యోగం కొరకు ప్రార్థించండి" అని. ఈ మాట మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి ఎంతోమంది అక్కచెల్లెళ్ళు ఇంటి పనులకు కువైట్ వెళ్ళారు, వెళ్తున్నారు. కానీ ఇప్పుడు ఆ చీటీలు రాస్తున్నది డిగ్రీ, బీఈడీ చదివిన మన పిల్లలు. థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు టీచరు, మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరు, గల్ఫ్‌లో ఇండియన్ స్కూలు టీచరు అని రాస్తున్నారు. కారణం మీకు తెలుసు. పామర్రులో గానీ గుడివాడలో గానీ ప్రైవేటు స్కూల్లో చెప్పే టీచరమ్మకు నెలకు పది, పన్నెండు వేలు చేతికొస్తే గొప్ప. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వచ్చింది. అందులో వచ్చినవాళ్ళకు స్తోత్రం. రానివాళ్ళు మళ్ళీ అదే బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డారు. అలాంటి సమయంలో ఫోనులో "నెలకు లక్ష, రూము ఫ్రీ" అని వస్తే మనసు ఊగకుండా ఉంటుందా?

అందుకే ఈ వారం వాక్యధ్యానాన్ని ఈ విషయం మీదనే రాస్తున్నాను. వెళ్ళవద్దని చెప్పడానికి కాదు. ఎలా పరిశీలించుకోవాలో వాక్యం ఏమి నేర్పుతుందో చూద్దామని.

మొదట ఒక సంగతి. సముద్రం దాటి పాఠం చెప్పడం పాపమైతే మన కృష్ణా జిల్లా క్రైస్తవ చరిత్రే లేదు. 1841లో రాబర్ట్ నోబుల్ గారు, హెన్రీ ఫాక్స్ గారు చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఇంగ్లండు నుండి మన బందరుకు వచ్చారు. ఫాక్స్ గారు ఊళ్ళు తిరిగి సువార్త చెప్పారు. నోబుల్ గారు 1843లో బడి పెట్టి పిల్లలకు ఇంగ్లీషు చెప్పారు. ఆ పేరుతో బందరులో కాలేజీ నేటికీ ఉంది. 1865లో ఆయన బందరులోనే కన్నుమూశారు. ఒక ఇంగ్లీషు మాస్టారు పరదేశానికి వచ్చి ఒక జిల్లానే మార్చాడు. కాబట్టి మన పిల్లలు ఆ పనికే పరదేశం వెళ్తామంటే నేను అడ్డుపడను. కానీ ఒక్కటి గమనించండి. నోబుల్ గారిని ఎవరు పంపారో, ఏ ఊరికి పంపారో, ఏ పనికి పంపారో ఓడ ఎక్కకముందే తెలుసు. పంపబడకుండా ఎవరైనా ఎలా ప్రకటిస్తారని పౌలు గారు రోమీయులకు రాస్తూ అడిగారు గదా. మన పిల్లల్ని పంపుతున్నది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా విమానం ఎక్కకూడదు.

మొన్న వేసవిలో మన సంఘపు సహోదరి ఒకతె, తండ్రితో కలిసి, ఒక ఆఫర్ లెటర్ తీసుకొని మా ఇంటికి వచ్చింది. ఎమ్మే ఇంగ్లీషు, బీఈడీ. ఆరేళ్ళుగా ప్రైవేటు స్కూల్లో పనిచేస్తోంది. బ్యాంకాక్ దగ్గర ఒక స్కూలు పేరు, రంగుల ముద్ర, సంతకం, జీతం నెలకు 40,000 బాత్‌లు. అంటే మన డబ్బుల్లో సుమారు లక్ష. విజయవాడలో ఒక ఏజెన్సీ వాళ్ళు ఇప్పించారు. "అయ్యగారూ, చెయ్యిపెట్టి ప్రార్థన చేయండి, పది రోజుల్లో ప్రయాణం" అని తండ్రి అన్నాడు. ప్రార్థన చేశాను. చేశాక, "అమ్మా, ఇంటర్వ్యూ ఎలా జరిగింది?" అని అడిగాను. వాట్సాప్ కాల్‌లో పది నిమిషాలు మాట్లాడారట. పేరు, చదువు, పాస్‌పోర్టు ఉందా అని అడిగారట. "పాఠం చెప్పించుకున్నారా?" అంటే లేదంది.

ఆ అమ్మాయే అప్పుడు ఆగి నవ్వింది. "మా స్కూల్లో ఎల్‌కేజీ టీచరుకి కూడా డెమో అడుగుతారు అయ్యగారూ" అంది.

మిగిలిన వివరాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మొత్తం లక్షా అరవై వేలు. ఇరవై వేలు అప్పటికే కట్టారు, రసీదు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టమన్నారు. వీసా సంగతి అడిగితే, "మనవాళ్ళకు థాయ్‌లాండ్ వీసానే అక్కర్లేదు, అక్కడికి వెళ్ళాక మారుస్తాం" అన్నారు. డబ్బు కోసం తండ్రి ముప్పై సెంట్ల మాగాణి బేరం పెట్టాడు. అది అమ్ముడుపోకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకున్నాడు. లక్షా అరవై వేలకు నెలకు 4,800 వడ్డీ. అమ్మాయి జీతం పదకొండు వేలు.

మేము ముగ్గురం బైబిలు తీసి యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చదువుకున్నాము. మీరూ చదవండి. గిబియోనీయులు పక్క ఊరివాళ్ళే. కానీ దూరదేశం నుండి వచ్చామని నమ్మించడానికి బూజు పట్టిన రొట్టె, చినిగిన తిత్తులు, అతుకులు వేసిన చెప్పులు తెచ్చారు. ఇశ్రాయేలు పెద్దలు గుడ్డిగా నమ్మలేదు సుమా! వాళ్ళు పరీక్షించారు. కానీ దేన్ని పరీక్షించారు? వచ్చినవాడు సంచిలో నుండి తీసి చూపించిన రొట్టెనే పరీక్షించారు. రొట్టె నిజంగా బూజు పట్టిందే. చెప్పిన కథ మాత్రం అబద్ధం. ప్రభువు దగ్గర విచారణ చేయలేదని 14వ వచనం చెప్తుంది. ఇంకో సంగతి చాలామంది చూడరు. నిబంధన చేసిన మూడు దినములకే వాళ్ళు పొరుగువాళ్ళని తెలిసిపోయింది. మూడు రోజులు ఆగి ఉంటే చాలు!

ఆఫర్ లెటరు కూడా అలాంటి రొట్టే. ఏజెన్సీ ఇచ్చిన కాగితాన్ని ఏజెన్సీ ఇచ్చిన నంబరుకే ఫోన్ చేసి సరిచూసుకుంటే, గిబియోనీయుడి రొట్టె గురించి గిబియోనీయుడినే అడిగినట్టు. "ఇవాళే కట్టాలి, రేపు సీటు ఉండదు" అని తొందర పెట్టేవాడు మన దగ్గర నుండి లాక్కునేది ఆ మూడు రోజులే.

ఆ సహోదరి ఆ రాత్రే స్కూలు పేరు వెతికి, ఆ స్కూలు సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు తానే ఈమెయిల్ పెట్టింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. స్కూలు ఉన్నమాట నిజమే. కానీ ఆ సంతకం చేసినాయన తమ దగ్గర లేడు, ఇండియాలో ఎవరి ద్వారానూ తాము టీచర్లను తీసుకోవడం లేదు. ఆ ఈమెయిల్ చూపిస్తే ఏజెన్సీ వాళ్ళు "అది వేరే బ్రాంచి" అన్నారు. ఇరవై వేలు తిరిగి రాలేదు. మాగాణి మిగిలింది. సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉన్నాయి.

ఇక్కడ కొందరికి ఒక సందేహం ఉంటుంది. ప్రార్థించి అడుగు వేశాక మళ్ళీ ఎంక్వయిరీలు ఏమిటి, అది అవిశ్వాసం కాదా అని. కాదు ప్రియులారా. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో బెరయ వారిని చూడండి. బోధించింది ఎవరు? సాక్షాత్తు పౌలు గారు. అయినా ఆయన చెప్పింది నిజమా కాదా అని వాళ్ళు ప్రతిదినము లేఖనములు పరిశోధించారు. అందుకు వాక్యం వాళ్ళను తప్పుపట్టలేదు, ఘనులని మెచ్చుకుంది. పౌలు మాటనే సరిచూసుకోవచ్చు అంటే, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు పెట్టుకున్నవాడి మాటను సరిచూసుకోకూడదా?

ఇక లాబాను సంగతికి వద్దాం. ఆదికాండము 29 నుండి 31 వరకు చదవండి. పరదేశంలో పనికి కుదిరినవాడి కథ అది. యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు పనిచేశాడు. తెల్లవారి చూస్తే లేయా. అడిగితే, మా దేశపు ఆచారం ఇంతే అన్నట్టుగా లాబాను జవాబిచ్చాడు. తర్వాత జీతం పదిసార్లు మార్చాడు. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ దిగాక సంతకం పెట్టించే కాంట్రాక్టు ఇంకొకటి. ఈ మోసం ఎంత పాతదో చూశారా! ఆఖరికి యాకోబు చెప్పకుండా పారిపోవలసి వచ్చింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్న మనిషి పరిస్థితి అదే. ఇంతకీ లాబాను పరాయివాడా? కాదు, మేనమామ. మొదటి రోజు కౌగిలించుకొని, నువ్వు నా ఎముకవు, నా మాంసమువు అన్నంత ప్రేమ చూపించాడు. నేను విన్న మోసాలలో ఎక్కువ భాగం తెలియనివాడి చేతిలో మొదలు కాలేదు. మా చిన్నాన్న కొడుకు చెప్పాడు, మా పక్క సంఘం సహోదరుడు చెప్పాడు అనే మొదలయ్యాయి. చెప్పినవాడు మంచివాడే కావచ్చు. వాడినీ ఎవరో నమ్మించి ఉంటారు. అందుకే బంధువు మాట కాంట్రాక్టుకు బదులు కాదు.

ఇప్పుడు చట్టం సంగతి కొంచెం చెప్తాను, శ్రద్ధగా వినండి. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. విదేశీ పనులకు మనుషుల్ని కుదిర్చే ఏజెంటుకు ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరును ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్ల జాబితాను కూడా విదేశాంగ శాఖ విడుదల చేస్తుంది. రిజిస్టరైన ఏజెంటు మన దగ్గర తీసుకోగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. 18 శాతం లెక్కన మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్షా అరవై వేలు ఎక్కడ, ముప్పై అయిదు వేలు ఎక్కడ?

మన టీచర్లు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. చదువుకోనివారు కువైట్, సౌదీ, మలేషియా, థాయ్‌లాండ్ వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఆ క్లియరెన్స్ కావాలి, అందుకోసం ఒక ఆఫీసు వాళ్ళ కాంట్రాక్టు చూస్తుంది. నర్సుల విషయంలో మోసాలు పెరిగాక, 2015 నుండి చదువున్నా సరే ఆ దేశాలకు వెళ్ళే నర్సులకూ క్లియరెన్స్ పెట్టారు. డిగ్రీ ఉన్న టీచరమ్మ కాగితాన్ని మాత్రం విమానం ఎక్కేలోపు ఏ ఆఫీసూ అడిగి చూడదు. "నాకు క్లియరెన్స్ అక్కర్లేదు" అని మనం గొప్పగా అనుకుంటాం. దాని అర్థం, మన కాంట్రాక్టు చదవాల్సింది మనమే అని.

వీసా అక్కర్లేదనే మాట గురించి కూడా చెప్పాలి. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనవాళ్ళను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టిన మాట నిజమే. అయితే ఆ వెసులుబాటు ఇచ్చింది చూసి రావడానికి, ఉద్యోగానికి కాదు. అక్కడ బళ్ళో చెప్పాలంటే ఉద్యోగానికి తగిన వీసా కావాలి, వర్క్ పర్మిట్ కావాలి, టీచర్స్ కౌన్సిల్ లైసెన్సో తాత్కాలిక అనుమతో కావాలి. దక్షిణ కొరియా, చైనా దేశాలైతే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న కొన్ని దేశాల పాస్‌పోర్టులనే సాధారణంగా అడుగుతాయి. కొరియాలో ఎవరికైనా ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఇప్పిస్తామని మన ఊళ్ళో ఎవరైనా అంటే, ఆ ఒక్క నిబంధన అడిగి చూడండి.

ఇది డబ్బుతో పోయే నష్టం మాత్రమే కాదు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఆంధ్రా పిల్లల్ని కంబోడియాకు చేర్చి, సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని అలాంటి కేంద్రాల నుండి మన ప్రభుత్వం 549 మందిని వాయుసేన విమానాల్లో తీసుకొచ్చింది. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ పిల్లలంతా ఉద్యోగమని బయలుదేరినవాళ్ళే. ఉద్యోగం నిజమైనా, వెళ్ళే చోటు ఎలాంటిదో చూసుకోవాలి. లిబియాలో సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015 జూలైలో ఉగ్రవాదుల చేతిలో చిక్కి, 2016 సెప్టెంబరు దాకా బందీలుగా ఉన్నారు. వాళ్ళ కుటుంబాలు ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిపాయో దేవునికే తెలుసు.

మంచి సాక్ష్యం కూడా చెప్పాలి. మా బంధువర్గంలోనే ఒక సహోదరి మాల్దీవుల్లో ఒక చిన్న ద్వీపంలో బళ్ళో పనిచేసి వచ్చింది. వెళ్ళేముందే ద్వీపం పేరు, బడి పేరు ఆమెకు తెలుసు. ఇంటి అద్దె ఎవరు ఇస్తారో, సెలవుల టికెట్ ఎవరు ఇస్తారో కాంట్రాక్టులో రాసి ఉంది. అదే బళ్ళో అప్పటికే పనిచేస్తున్న తెలుగు టీచరుతో ఒకటికి రెండుసార్లు మాట్లాడింది. ఒంటరితనం ఉంటుందని, కూరగాయలు ఖరీదని ఆయన దాచకుండా చెప్పాడట. నాకు ఆ మాట బాగా నచ్చింది. నిజమైన ఉద్యోగానికి కష్టం కూడా ఉంటుంది, చెప్పేవాడు దాన్ని కూడా చెప్తాడు. అంతా తేనే అన్నవాడి దగ్గర జాగ్రత్త.

కాబట్టి మన సంఘంలో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వస్తే, నా దగ్గరికి ప్రార్థనకు వచ్చేముందు ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకొని రండి.

1. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఈ-మైగ్రేట్‌లో మీరే చూశారా?
2. స్కూలుకు మీరే నేరుగా, దాని సొంత చిరునామాకు రాశారా? జవాబు వచ్చిందా?
3. ఇంటర్వ్యూలో మీ చేత పాఠం చెప్పించారా?
4. వీసా ఏది? ఉద్యోగపు వీసానా, విజిట్ వీసానా?
5. కాంట్రాక్టు మొత్తం ఇక్కడే చదివారా? జీతం, పనిగంటలు, ఇల్లు, వైద్యం, తిరుగు టికెట్ అందులో ఉన్నాయా?
6. కట్టే ప్రతి రూపాయికి రసీదు ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంటాయా?
7. ఆ స్కూల్లో ఇప్పుడు పనిచేస్తున్న మనిషి ఒక్కరితోనైనా మాట్లాడారా?
8. ఉద్యోగం రాకపోతే ఈ అప్పు దేనితో తీరుస్తారు?

ఎనిమిదో ప్రశ్న నాది కాదు. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుండి లెక్క చూసుకోడా అని లూకా 14వ అధ్యాయంలో ప్రభువే అడిగారు. కూర్చుండి అన్నారు. నిలబడి, పరుగెత్తుతూ లెక్క చూడలేము.

సందేహం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-3090 ఉంది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడవద్దు.

తోటి కాపరులకు ఒక మాట. ఈ మధ్య ఒకాయన నాకు ఫోన్ చేసి, ఆదివారం ఆరాధనలో తమ ఉద్యోగాల ప్రకటన చదివితే ఒక్కో అభ్యర్థికి పదివేలు మందిరం కట్టడానికి కానుకగా ఇస్తామన్నాడు. వద్దని ఫోన్ పెట్టేశాను. మన మందిరానికి రేకులు కావాలి, మీకందరికీ తెలుసు. కానీ బల్ల దగ్గర నిలబడి చెప్పిన మాటను మన ప్రజలు ఆమేన్ అని నమ్ముతారు. ఆ నమ్మకం మనది కాదు, దేవునిది. దానికి వెలకట్టి అమ్మే హక్కు మనకెవరిచ్చారు?

ఆ సహోదరి తండ్రి నన్ను ఒక మాట అడిగాడు. "అయితే మా బతుకు ఇంతేనా అయ్యగారూ?" నేను వెంటనే వాక్యం చెప్పలేదు. పదకొండు వేల జీతంతో ఇల్లు నడిపే మనిషికి ఓపిక పట్టమని చెప్పడం తేలిక. ఆయన ప్రశ్న న్యాయమైనది. ఆయన కూతురు మంచి టీచరు, ఆమెకు మంచి జీతం రావాలి. నేను ఆయనతో అన్నదొక్కటే. "తమ్ముడూ, తలుపు మూసుకుపోలేదు. అది తలుపు కాదు, గోడ మీద వేసిన తలుపు బొమ్మ. నిజమైన తలుపు కోసం వెతుకుదాం, నేనూ వెతుకుతాను." ఇప్పుడు ఆ అమ్మాయి మళ్ళీ డీఎస్సీకి చదువుతోంది. రెండు చోట్లకు తానే నేరుగా దరఖాస్తు పంపింది. ఏదీ ఇంకా తేలలేదు. ఆమె కొరకు ప్రార్థించండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, పరదేశంలో యాకోబుకు తోడుగా ఉన్న దేవా, మా పిల్లల కష్టార్జితాన్ని కాపాడండి. వెళ్ళవలసినవారికి నిజమైన దారి చూపండి, వెళ్ళకూడని దారిలో అడుగు పడకముందే మూడు రోజులు ఆగే ఓర్పు ఇవ్వండి. అడిగే ధైర్యం, చదివే శ్రద్ధ, వద్దనే బలం దయచేయండి. దూరదేశాలలో చిక్కుకొని ఇంటికి రాలేకపోతున్నవారిని విడిపించండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.